నేను చూడని పిట్ట

పది రూపాయల బిళ్ళ ఉంది కదా, చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు. కిరాణా కొట్టాయన "ఇది నడవట్లేదండీ, నోటివ్వండి" అని బల్ల మీద వెనక్కి తోసేస్తాడే, అదే. దాని బరువు ఏడున్నర గ్రాముల పైచిలుకు. దక్షిణ అమెరికాలో నీళ్ళలో మొలిచిన తుంగ దుబ్బుల మధ్య బతికే ఒక పిట్ట బరువు కూడా కాస్త అటూ ఇటూగా అంతే. ముక్కు కొస నుంచి తోక చివరి దాకా కొలిస్తే పదకొండు సెంటీమీటర్లు. గుప్పిట్లో పెట్టుకుంటే ఉందో లేదో అని మళ్ళీ మళ్ళీ వేళ్ళ సందుల్లోంచి చూసుకోవాల్సినంత.

గుప్పిట్లో పెట్టుకోవడం మాట దేవుడెరుగు, నేను దాన్ని చూడనేలేదు. ఇక చూసే యోగమూ లేదు. వీసా, విమానం టిక్కెట్టు, నా నడుం నొప్పి, మూడూ ఒకేసారి అనుకూలించాలి. అయినా మూడేళ్ళుగా అది నా బుర్రలో ఒక మూల గూడు కట్టుకుని కూర్చుంది. మన పెరట్లో రోజూ తిరిగే పిట్టల పేర్లే సరిగ్గా తెలియనివాడికి ఈ పరాయి ఊరి పిట్ట మీద ఇంత మమకారమేమిటని మా ఆవిడ అడిగింది. సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఇది ఆ జవాబే అనుకోండి.

చిలీలో దాన్ని 'సియెతె కొలోరెస్' అంటారు. ఏడు రంగులది అని. ఈ మాట మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు. ఏడు అనేది మన కథల్లోనూ లెక్క కాదు. రాజుగారికి ఏడుగురు కొడుకులుంటారు, వాళ్ళు ఏడు చేపలు తెస్తారు, రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉంటుంది. ఎవరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టరు. అయినా అనుమానం తీర్చుకుందామని ఒక మంచి ఫొటో ముందు పెట్టుకుని మొదలెట్టాను. నెత్తి నలుపు. ఆ నలుపు మధ్యలో పాపిట సింధూరంలా ఎర్రటి గీత. కంటి మీదుగా వెనక్కి లాగిన పసుపు కనుబొమ. చెంపలు ముదురు నీలం, ఆ నీలంలో లేతనీలం కన్ను. వీపు నాచు పట్టిన గోడలా ఆకుపచ్చ. గొంతు తెలుపు. పొట్ట పసుపు; ఇది ఇందాక వచ్చింది కాబట్టి కలపకూడదు. తోక కింద నారింజ. సరిగ్గా ఏడు! చిలీ వాళ్ళు కథల లెక్క కాదు, కిరాణా లెక్కే వేశారు.

ఆ ఎర్ర గీత మాత్రం ఊరికే కనపడదు. మామూలప్పుడు నల్లటి ఈకలు దాన్ని కప్పేస్తాయి. పిట్టకి కోపమో సంబరమో వచ్చి నెత్తి మీద ఈకలు విచ్చుకుంటేనే బయటపడుతుంది. అసలు పిట్టే కనపడదు. నిలువెత్తు తుంగ దుబ్బుల్లో, నీళ్ళకి జానెడు ఎత్తులో, ఒక కాలు ఈ కాడ మీద, ఇంకో కాలు పక్క కాడ మీద వేసి దొమ్మరి పిల్లలా నిలబడుతుంది. కాడ మీది పురుగునీ, నీటి మీద తేలే ఈగనీ ఏరుకుంటూ క్షణం ఒక చోట ఉండదు. ఈగలు పట్టే పిట్టల కుటుంబమే, కానీ ఆ కుటుంబంలో చాలావాటికి ఉన్న అలవాటు, అంటే ఎత్తు కొమ్మ మీద కూర్చుని గాల్లోకి దూకి పురుగుని అందుకుని మళ్ళీ కొమ్మ మీదకే రావడం, దీనికి పెద్దగా లేదు. ఇన్ని రంగులు ఒంటి నిండా వేసుకుని ఇలా చాటున బతకడమేమిటో! పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వచ్చి వంటింట్లోంచి బయటికి రాని మా పెద్దత్తయ్య గుర్తొస్తుంది.

తుంగ ఉంటే చాలు, దానికి ఎత్తుతో పని లేదు. లిమా నగరంలో సముద్రం పక్కనే ఉన్న బురద చెరువుల్లో ఉంటుంది. 3,812 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సులోనూ ఉంటుంది. దక్షిణాన చిలీ, అర్జెంటీనా, ఉరుగ్వే, బ్రెజిల్ దక్షిణ కొస దాకా పాకింది. బాగా దక్షిణాన ఉండేవి కొన్ని చలికాలంలో ఉత్తరానికి జరుగుతాయి, మిగతావి ఉన్నచోటే.

దీని ఇంటిపేరు వింటే నవ్వొస్తుంది. ఇంగ్లీషులో 'టైరెంట్'. నియంత, దుర్మార్గపు రాజు! ఏడు గ్రాముల నియంత. నిజానికి ఆ పేరుకి కారణం ఇది కాదు. 18వ శతాబ్దంలో మార్క్ కేట్స్‌బీ అనే ఆంగ్లేయుడు ఉత్తర అమెరికాలోని కరోలినాలో తిరుగుతూ, గూడు దగ్గరకొచ్చిన కాకుల్నీ డేగల్నీ వెంటపడి తరిమే ఒక పిట్టను చూసి దానికి ఆ పేరు పెట్టాడు. 1758లో లిన్నేయస్ దాన్నే లాటిన్‌లోకి ఎక్కించాడు. ఆ ఒక్క పిట్ట కోపం ఇవాళ నాలుగు వందలకు పైగా జాతులకి ఇంటిపేరైంది. ఊళ్ళో ఎవరో ముత్తాతకి 'పులి' అని పేరు పడితే, పిల్లిని చూసి జడుసుకునే ముని మనవడు కూడా 'పులి వారబ్బాయి' అయిపోయినట్టు. ఈ మధ్య జన్యువులు పరీక్షించిన వాళ్ళలో కొందరు, మన పిట్ట ఆ కుటుంబంలో ఇమడదు, వేరు కాపురం పెట్టించాలి అంటున్నారు. పంపకాలు ఇంకా తెగలేదు.

అసలు సంగతి, ఈ పిట్టకి శాస్త్రీయ నామం వచ్చిన తీరు.

ఫెలిక్స్ దె అజారా స్పెయిన్ సైన్యంలో ఇంజనీరు. స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ మధ్య దక్షిణ అమెరికాలో సరిహద్దు గీయడానికి 1781లో వెళ్ళాడు. అవతలి పక్షం వాళ్ళు రావాలి, కలిసి కొలవాలి. వాళ్ళు రారు. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అంటూ ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. సర్కారీ పనుల్లో ఇలాంటివి మనకి కొత్త కాదు గానీ, ఆ ఎదురుచూపుల్లో అజారా ఊరికే కూర్చోలేదు. పరాగ్వేలో, ప్లాతా నది మైదానాల్లో కనపడిన ప్రతి పిట్టనీ చూసి, కొలిచి, రాసుకున్నాడు. ఆయనకి ఈ శాస్త్రంలో చదువు లేదు. చాలాకాలం చేతిలో పుస్తకమూ లేదు. చివరికి బుఫాన్ రాసిన పెద్ద గ్రంథం చేతికందాక, పారిస్‌లో కూర్చుని రాసిన ఆ మహానుభావుడి తప్పులు ఒక్కొక్కటే పట్టుకుని దెబ్బలాడాడు. చూసినవాడికి చూడనివాడి మీద ఉండే కోపం అది. 1802 నుంచి 1805 దాకా మూడు సంపుటాలుగా అచ్చయిన ఆయన పుస్తకంలో 448 పిట్టలున్నాయి. లాటిన్ పేర్లు పెట్టలేదు. అక్కడి గ్వారానీ జనం పిలిచే పేర్లు దొరికినచోట వాటినే వాడాడు. మన పిట్టకి వాడిన 'తచురి' అలా వచ్చిన మాటే.

ఇప్పుడు పారిస్‌కి రండి. లూయీ పియెర్ వియెయో అనే పండితుడు ఒక మహా నిఘంటువుకి పక్షుల వ్యాసాలు రాస్తున్నాడు. అజారా పుస్తకం తీసి, అందులో వర్ణించిన పిట్టలకి వరసగా లాటిన్ పేర్లు పెట్టుకుంటూ పోయాడు. మన పిట్ట వంతు 1817లో వచ్చింది. పిట్టను చూసి కాదు, అజారా వాక్యాలు చదివి పెట్టాడు. 'రూబ్రిగాస్ట్రా' అన్నాడు. అంటే ఎర్ర పొట్టది. ఇందాక మనం లెక్కపెట్టాం కదా, పొట్ట పసుపు! తోక కింద ఉన్న నారింజ రంగు కాగితం మీద కాస్త ముందుకు పాకి పొట్టంతా పరుచుకుంది. పైగా దాన్ని ఎక్కడో యూరప్ పొదల్లో ఉండే కూతపిట్టల గుంపులో చేర్చాడు. తర్వాత వచ్చినవాళ్ళు గుంపు మార్చి, అజారా మాటనే లాటిన్ చేసి 'తచూరిస్' అన్నారు. పొట్ట రంగు మాత్రం మార్చలేకపోయారు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది, తప్పైనా సరే, అది ఆ శాస్త్రం కట్టుబాటు. మునిసబుగారు జనాభా లెక్కల్లో ఎక్కించిన పుట్టిన తేదీలాంటిది. అలా రెండు వందల ఏళ్ళుగా ఈ పసుపు పొట్ట పిట్ట కాగితాల మీద ఎర్ర పొట్టతో తిరుగుతోంది.

వియెయోని ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. బతికిన పిట్టలను చూడాలి, ఒకే పిట్ట వయసునిబట్టి, రుతువునిబట్టి ఈకలు మార్చడం గమనించాలి అని చెప్పిన తొలి తరం మనుషుల్లో ఆయనొకడు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. మనకి ఆయన బాకీ ఉన్నాడో, మనం ఆయనకి బాకీ ఉన్నామో తేలని ఒక లెక్క అది.

1713లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకంలో మద్రాసు పక్షుల జాబితా ఒకటుంది. మద్రాసు కోటలో ఉన్న ఆంగ్ల సర్జన్ పంపించగా జేమ్స్ పెటివర్ దాన్ని వేయించాడు. అందులో ఒక పిట్ట పేరు 'పొన్నంకి పిట్ట'. అచ్చ తెలుగు. కోట దగ్గర ఎవరో తెలుగువాడు, వేటగాడో నౌకరో, దొర "దీన్నేమంటారు?" అని అడిగితే చెప్పిన మాట. ఆ మనిషి ఎవరో, పేరేమిటో ఎవరూ రాసుకోలేదు. ఆ మాట పుస్తకం నుంచి పుస్తకానికి దాటి దాటి, 1816లో వియెయో చేతిలో పడింది. ఆయన ఆ జాతుల గుంపుకి లాటిన్‌లో ఏ పేరు పెట్టాడో తెలుసా? 'పిట్ట'! మనం కాకిపిల్ల నుంచి కౌజు దాకా కనపడిన చిన్న పక్షినల్లా పిలిచే మాట. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా నలభైకి పైగా జాతులని ఇప్పుడు ప్రపంచమంతా 'పిట్ట' అంటోంది. బోర్నియో అడవిలో పక్షులు చూపించే గైడు, జపాన్ నుంచి వచ్చిన టూరిస్టుతో "అదిగో పిట్ట" అంటాడు. అందులో తెలుగుందని ఇద్దరికీ తెలియదు. ఆ తర్వాతి ఏడే మన ఏడు రంగుల పిట్టకి నామకరణం. ఒకే కలం, ఒకటి రెండేళ్ళ సిరా.

మన దేశంలో ఉండే పొన్నంకి పిట్టను హిందీవాళ్ళు 'నౌరంగ్' అంటారు. తొమ్మిది రంగులు. మనది రెండు రంగులు ఎక్కువన్నమాట! దానికి తోక కింద ఎరుపు.

దీన్ని మాత్రం నేను చూశాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా అమ్మమ్మగారి ఊరు కొల్లేటి ఒడ్డున. దసరా సెలవులు. రాత్రంతా గాలీ వానా. పొద్దున్నే లేచి పెరట్లోకి వెళ్తే, తొట్టి పక్కన అరటి మొదట్లో ఒక పిట్ట కూర్చుని ఉంది. ఆకుపచ్చ వీపు, రెక్క మీద వెలిగే నీలం చుక్క, కంటికి కాటుక పట్టీ. తోక ఎవరో కత్తిరించినట్టు పొట్టిగా. దగ్గరికెళ్ళినా ఎగరలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను చెయ్యి చాపాను.

"ఒరేయ్, ముట్టుకోకు. ఎక్కడి నుంచి ఎగిరొచ్చిందో, ప్రాణం కడబట్టింది దానికి" అంది అమ్మమ్మ వెనకనుంచి. కోళ్ళ గంప తెచ్చి నెమ్మదిగా దాని మీద బోర్లించింది. పిల్లి రాకుండా గంప మీద రుబ్బురోలు పొత్రం పెట్టింది.

"ఏం పిట్టే అమ్మమ్మా?"

"ఏ పిట్టో. మనూరిది కాదు. ఆకలేస్తే కూస్తది, లేకపోతే పోద్ది."

మధ్యాహ్నం దాకా గంప సందుల్లోంచి చూస్తూ కూర్చున్నాను. ఎండ కాస్త ముదిరాక అది రెండు గెంతులు గెంతి, తల పైకెత్తి, గంప పుల్లల్లోంచి నన్ను చూసింది. అమ్మమ్మ గంప తీసింది. తుర్రుమని ఎగరలేదు. నేల మీదే గెంతుకుంటూ, ఎండుటాకులు తిప్పుకుంటూ, వెనక జామ తోటలోకి నడిచిపోయింది, మా ఇంటికి కాఫీకొచ్చి వెళ్తున్నట్టు. హిమాలయాల దిగువనా మధ్య భారతంలోనూ గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికీ సిలోనుకీ వచ్చే పక్షి అని, రాత్రిపూట ప్రయాణం చేసి అలిసి ఇళ్ళ దొడ్లలో దిగుతుందని, పేరు 'పిట్ట' అని ఇరవై ఏళ్ళ తర్వాత సలీం అలీ పుస్తకంలో చూశాను. 'ఏం పిట్టే' అని నేనడిగిన ప్రశ్నలోనే జవాబుందని అప్పుడు తెలిసింది.

మళ్ళీ ఏడు రంగులదానికి వస్తాను. దాని గురించి నాకు చెప్పినవాడు వియెయో కాదు, అజారా కూడా కాదు, హడ్సన్. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ అట్ట ఊడిన పుస్తకం ఒకటి కొన్నాను. విలియం హెన్రీ హడ్సన్ తన చిన్నతనం గురించి 1918లో వేసిన పుస్తకం. ఆ రుచి మరిగాక, ఆయన పక్షుల గురించి రాసినవన్నీ ఇంటర్నెట్‌లో వెతికి చదివాను. ఏడు రంగుల పిట్ట అక్కడ దొరికింది.

హడ్సన్ 1841లో బ్యూనస్ ఐరిస్ దగ్గర పంపా మైదానాల్లో పుట్టాడు. అమ్మానాన్నలు అమెరికా నుంచి వలస వచ్చి గొర్రెలు పెంచుకున్నారు. బడి లేదు, గుర్రం ఉంది. పదిహేనో ఏట వచ్చిన జ్వరాలు గుండెను పాడుచేశాయి, ఎక్కువ కాలం బతకడన్నారు. బతికాడు, ఎనభై ఒకటో ఏడు దాకా. కుర్రతనంలో పిట్టలను కాల్చి, తోళ్ళు ఒలిచి, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకి వందల్లో పంపాడు. అక్కడి నుంచి అవి లండన్‌లో ఉన్న స్క్లేటర్ అనే పండితుడికి చేరేవి. తోలు ఒలిచాక పిట్ట కంట్లో దూది కూరుతారు. రెక్కల రంగులు పెట్టెలో ఏళ్ళ తరబడి నిలుస్తాయి, కంటి రంగు నిలవదు. కాల్చినవాడు చీటీ మీద రాస్తేనే, ఇక్కడో నీలి కన్ను ఉండేదని లండన్ వాళ్ళకి తెలిసేది. తర్వాతి రోజుల్లో ఇదే హడ్సన్ ఇంగ్లండులో ఆడవాళ్ళ టోపీలకి ఈకలు పెట్టే వ్యాపారం మీద నిప్పులు చెరిగాడు. తన పాత తుపాకీ గుర్తొచ్చి అన్నాడో, గుర్తు రాకుండా అన్నాడో.

మనిషి మొండివాడు. 1870లో ఇంకా ముప్పై నిండలేదు, పంపా మైదానం నుంచి లండన్‌కి ఉత్తరం రాశాడు: పంపాల్లో ఒక వడ్రంగి పిట్ట చెట్టే ఎక్కదని డార్విన్ రాసింది తప్పు అని. కాస్త దురుసుగానే రాశాడు. డార్విన్ మర్యాదగా బదులిచ్చి, తర్వాతి కూర్పులో ఆ మాటని సరిదిద్దుకున్నాడు. అజారాకి బుఫాన్ మీద వచ్చిన కోపమే ఇదీ.

1874లో హడ్సన్ ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. మళ్ళీ వెనక్కి రాలేదు. లండన్‌లో భార్య నడిపే అద్దెగదుల ఇంట్లో, అప్పుల మధ్య, పొగమంచు మధ్య బతికాడు. స్క్లేటర్‌తో కలిసి 1888, 89లలో అర్జెంటీనా పక్షుల మీద రెండు సంపుటాలు వేశాడు. లాటిన్ పేర్లూ వరసలూ స్క్లేటర్‌వి, పిట్టల బతుకు హడ్సన్‌ది. అంటే ఏడు రంగుల పిట్ట గురించి ఆయన రాసే నాటికి దాన్ని చూసి పద్నాలుగేళ్ళు దాటింది. కిటికీ అవతల లండన్ పిచ్చుకలు, ఇవతల ఆయన, నడుమ ఒక మహాసముద్రం. ఇప్పుడు నేనెలా దూరంలో ఉన్నానో ఆయనా అలా దూరంలోనే ఉన్నాడు. మరి ఆయన మాటలు చదువుతుంటే తుంగలో నీళ్ళు కదిలిన చప్పుడెలా వినపడుతుంది? వియెయో మాటలో పొట్టకి రంగు ఎలా తప్పింది?

ఆయన గూడు గురించి రాసిన నాలుగు వాక్యాల్లో దానికి జవాబుంది అనుకుంటాను. ఉప్పు వేసిన వేరుశనగలు కాగితం పొట్లంలో ఇస్తాడు చూడండి బీచిలో, ఆ పొట్లాన్ని తలుచుకోండి. పైన గుండ్రంగా నోరు, కిందికి పోనుపోను సన్నబడి మొనతేలి ఉంటుంది. సరిగ్గా ఆ ఆకారంలో నాలుగంగుళాల గూడు. నీటికి రెండు మూడు అడుగుల ఎత్తున, ఒకే ఒక్క తుంగ కాడకి, కాడ నడిమధ్యలో అంటుకుని ఉంటుంది. కొమ్మ లేదు, పంగ లేదు, ముడి లేదు. తుంగ కాడ ఎంత నున్నగా ఉంటుందో చాప నేసేవాళ్ళని అడగండి. ఎండి పసుపు తిరిగిన కాడల పొరలని చిన్న చిన్న తునకలుగా తెచ్చి, తడిగా అతికి, ఒక దాని మీద ఒకటి అద్దుకుంటూ పోతుంది. ఆరాక గట్టి అట్టలా అవుతుంది. అచ్చులో పోసి తీసినట్టు అతుకు కనపడదని హడ్సన్ అంటాడు. అందులో రెండో మూడో మీగడ రంగు గుడ్లు. గాలికి కాడ ఊగుతుంది, కాడతోపాటు సంసారం ఊగుతుంది.

మన గిజిగాడి గూడు గొప్పదే, కాదనను. కానీ అది నేత పని. చీల్చిన ఆకుల పోగులు చిక్కుముడి పడ్డాయంటే ఇక జారవు. ఇది అతుకు పని. పట్టు ఎక్కడుంది? నాకు నమ్మకం కుదరక, పోయిన వేసవిలో ఒక ఆదివారం పాత దినపత్రిక చింపి నీళ్ళలో నానబెట్టి, బాల్కనీలో తులసి కుండీలో గుచ్చిన వెదురు పుల్లకి పొట్లంలా అతికించబోయాను. ఎక్కడికక్కడ జారి కిందికొచ్చింది. గంజి కలిపాను. నిలబడింది, ఆరింది, సంతోషించాను. పరీక్షగా అందులో ఒక పది రూపాయల బిళ్ళ వేశాను. పొట్లం, బిళ్ళ రెండూ కలిసి కుండీలో పడ్డాయి. "ఈ పేపరు ముద్దలేంటి తులసమ్మ దగ్గర?" అంది మా ఆవిడ. చెప్పాలనుకున్నాను గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ గూటిలో తల్లి కూర్చోవాలి, తర్వాత పిల్లలు పెరగాలి, గాలి వీచాలి. ఒక్క కాడ మీద.

ఆ మొన కిందిదాకా సాగి ఉండటం, ఒకే కాడ, నడిమధ్య అన్న మాటలు, ఇవి దుబ్బుల్లోకి మోకాళ్ళ లోతు దిగి, కాడలు పక్కకి తప్పించి చూసినవాడికే వస్తాయి. రంగుల గురించి ఎవరైనా పొగడొచ్చు. తోలు పెట్టెలో ఉంటే చాలు. గూడు అతుకు గురించి చెప్పడానికి కాళ్ళు తడవాలి. ముసలితనంలో, 1920లో, హడ్సన్ ఆ పాత సంపుటాల్లోంచి స్క్లేటర్ రాసిన భాగాలన్నీ తీసేసి, తన రాతలు మాత్రం మిగుల్చుకుని మళ్ళీ వేయించాడు. గూడు ఉంది అందులో. రెండేళ్ళకి పోయాడు. ఆయన పేరు మోసేది కూడా ఈ నియంతల కుటుంబంలోదే ఒక నల్లపిట్ట. 1872లో స్క్లేటరే పెట్టాడు.

పిట్ట కొంచెం కూత ఘనం అంటాం. ఈ పిట్టకి అదీ వర్తించదు. ఫోన్లో దాని గొంతు విన్నాను. గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు తొందర తొందరగా నాలుగు స్వరాలు, అంతే. అదే తుంగలో ఉండే ఇంకో గోధుమ రంగు పిట్ట మాత్రం రెండు గులకరాళ్ళు కొట్టినట్టు టిక్కు టిక్కుమంటూ చెవులు హోరెత్తిస్తుంది. కానీ ఈ కూత వెనక ఒక సంగతి ఉంది. మైనా, పిచ్చుక లాంటివి పాట నేర్చుకుంటాయి. పెద్దవి పాడుతుంటే పిల్లలు విని, తప్పులు పోయి, దారిలో పడతాయి. టైరెంట్ల గొంతు అమరిక వేరు. 1984లో డొనాల్డ్ క్రూడ్స్‌మా అనే అమెరికన్ ఈ కుటుంబంలోనే రెండు జాతుల పిల్లలను పసితనంలోనే తెచ్చి పెంచి, వాటికి వాటి పాట కాకుండా రెండోదాని పాట వినిపించాడు. పెరిగాక రెండూ ఎవరి పాట వాళ్ళే పాడాయి. ఎవరూ నేర్పలేదు, తప్పు నేర్పినా అంటలేదు. మన పొన్నంకి పిట్ట కూడా గొంతు అమరికలో ఆ శాఖదే. మన దేశపు పక్షుల్లో ఆ శాఖకి చెందినవి చాలా కొద్ది. అంటే అటు తచురి, ఇటు పిట్ట, వియెయోకి తెలియకుండానే దూరపు చుట్టాలకి వెంటవెంటనే బారసాల చేశాడు. వియెయో అజారాని చదివి, నేను హడ్సన్‌ని చదివి, ఒకరి దగ్గర ఒకరం అప్పు తెచ్చుకుని మాట్లాడుతున్నాం, పొట్ట రంగు తప్పుతున్నాం. ఆ పిట్టలకి ఆ బాధ లేదు.

టిటికాకాలో ఉరోలనే జనం, పిట్ట గూడు కట్టే ఆ తుంగతోనే దీవులు కట్టుకుంటారు. అక్కడ దాన్ని 'టొటోరా' అంటారు. మన చాపల తుంగకి చుట్టమే. వేళ్ళ దిమ్మలు ఒకదానికొకటి కట్టి, మీద కోసిన తుంగ పరిచి, దాని మీద గుడిసె. కింది పరుపు నీళ్ళలో కుళ్ళిపోతూ ఉంటుంది, పైన కొత్త పరుపు వేస్తూ ఉంటారు. పడవ తుంగే. కాడ మొదట్లో తెల్లటి భాగం ఒలుచుకుని తింటారు కూడా. పిట్ట కట్టినట్టే మనిషీ కట్టాడు, కాకపోతే ఒక్క కాడ మీద కట్టే ధైర్యం చేయలేదు. లిమాలో పాంతానోస్ దె వీయా అని 263 హెక్టార్ల చిత్తడి మిగిలింది. చుట్టూ రోడ్లు, ఇళ్ళు. 1997లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అక్కడ కూడా తుంగ కోసి బుట్టలు అల్లుకునేవాళ్ళున్నారు, పిట్ట కూడా ఉంది. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి దానికి ముప్పు లేదంటారు. చెరువు పూడ్చిన చోట మాత్రం ఉండదు, అంతే. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు చూసినవాడికి ఈ వాక్యం ఇంతకంటే పొడుగ్గా రాయక్కర్లేదు.

పోయిన అక్టోబరులో మా అపార్టుమెంటు వెనక ఖాళీ స్థలంలో, పొద్దుగూకే వేళ, రెండు స్వరాల ఈల వినపడింది. వ్హీ-ట్యూ. ఆగి, మళ్ళీ వ్హీ-ట్యూ. తమిళులు పొన్నంకి పిట్టని 'ఆరు గంటల పిట్ట' అంటారు, ఉదయం సాయంత్రం ఆ వేళకే కూస్తుందని. గడియారం చూశాను, ఆరుకి అయిదు నిమిషాలుంది. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. పిచ్చి తుమ్మలు, ప్లాస్టిక్ సంచులు, ఎవరో పారేసిన పరుపు. ఆ పరుపు వెనక ఎండుటాకుల్లో ఏదో గెంతింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చీకటి పడిపోయింది. మూడో అంతస్తు నుంచి మా ఆవిడ తొంగి చూసి అడిగింది.

"ఏంటండీ అక్కడ?"

"పిట్ట" అన్నాను.

"కనపడిందా?"

"లేదు."

"తొండ అయ్యుంటుంది, రండి పైకి" అంది.